పట్టికలో ఒక పంక్తి: ఫోన్ల యూఎస్‌బీ సాధనాల చరిత్ర, బెంగళూరు నేపథ్యం

చేతిఫోనును కేబులుతో కంప్యూటరుకు కలిపి, అందులోని సమాచారాన్ని బయటికి తీయడానికి గానీ, చెడిపోయిన సాఫ్ట్‌వేరును తిరిగి ఎక్కించడానికి గానీ వాడే ప్రోగ్రాములను యూఎస్‌బీ సాధనాలు అనవచ్చు. వాటిలో కొన్నింటిని ఫోను కంపెనీలే తయారు చేసుకుని తమ సర్వీసు సెంటర్లకు మాత్రమే ఇస్తాయి. మరికొన్ని ఓపెన్ సోర్స్ సాధనాలు, అంటే ప్రోగ్రామరు రాసిన అసలు పాఠాన్ని ఎవరైనా చదివి, మార్చి, మార్చినదాన్ని నలుగురికీ పంచే హక్కు ఉన్నవి. ఈ రెండో తెగలో చాలా సాధనాలు ఒకే ఒక్క మోడలు కోసమో, ఒక కంపెనీ ఫోన్ల కోసమో పుట్టి, ఆయా ఫోన్లు కొనుక్కున్నవారి చేతుల మీదుగా వందల మోడళ్లకు విస్తరించాయి. ఫోను లోపలి సాఫ్ట్‌వేరు రాసే కంపెనీలు, ఫోన్లు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు, వాటిని బాగుచేసే వీధులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అభిమానుల సదస్సులు ఒకేచోట ఉన్న బెంగళూరును కేంద్రంగా పెట్టుకుని చూస్తే ఈ విస్తరణ తీరు స్పష్టంగా అర్థమవుతుంది. సాధనం ఆయుష్షును నిర్ణయించింది దాన్ని పుట్టించినవారి ప్రతిభ ఒక్కటే అయితే ఈ చరిత్ర ఎంతో చిన్నదయ్యేది; సాధనం గుర్తించే ఫోన్ల పట్టికలో ఒక్కొక్క పంక్తి చేర్చుకుంటూ పోయిన అజ్ఞాత వినియోగదారుల శ్రమే దాన్ని పాతికేళ్లు నిలబెట్టింది.

గుర్తింపు సంఖ్యల ఏర్పాటు

యూఎస్‌బీ ప్రమాణం తొలి రూపం 1996 జనవరిలో వెలువడింది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డెక్, ఎన్ఈసీ, నార్టెల్ అనే ఏడు కంపెనీలు కలిసి రూపొందించిన ఈ ప్రమాణంలో ఇంటెల్ ఇంజనీరు అజయ్ భట్ పాత్ర ప్రధానమైనది. ఆయన బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. అప్పటిదాకా కీబోర్డుకు ఒక రకం, ప్రింటరుకు ఒక రకం, మోడెముకు మరో రకం పోర్టు ఉండేది గనక, ఏ పోర్టులో ఏది ఉందో కంప్యూటరుకు ముందే చెప్పి పెట్టవలసి వచ్చేది. అన్నిటికీ ఒకే పోర్టు వచ్చాక, తగిలించిన పరికరం ఏమిటో ఆ పరికరమే చెప్పుకోవలసిన అవసరం ఏర్పడింది. అందుకోసం ప్రతి యూఎస్‌బీ పరికరం తనలో 18 బైట్ల చిన్న వివరణ పత్రాన్ని దాచుకుంటుంది. దీన్ని డివైస్ డిస్క్రిప్టర్ అంటారు. కేబులు తగిలించగానే కంప్యూటరు మొట్టమొదట అడిగే విషయాల్లో ఇది ఒకటి.

ఆ పత్రంలో రెండు సంఖ్యలు మన చరిత్రకు కీలకం. మొదటిది తయారీదారును తెలిపే వెండర్ ఐడీ, రెండోది ఆ తయారీదారు ఉత్పత్తుల్లో ఇది ఏదో తెలిపే ప్రొడక్ట్ ఐడీ. రెండూ 16 బిట్ల సంఖ్యలే కాబట్టి ఒక్కొక్క దానిలో 65,536 విలువలకు చోటుంది. వీటిని పది అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలు వాడే షోడశాంశ పద్ధతిలో రాస్తారు. నోకియాకు 0421, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు 0451, శాంసంగ్‌కు 04ఇ8, షావోమీకి 2717 అనే తయారీదారు సంఖ్యలు ఉన్నాయి.

లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ 2001 జనవరిలో వచ్చిన 2.4 కూర్పుతో యూఎస్‌బీని పూర్తి స్థాయిలో స్వీకరించింది. అయితే కెర్నెల్ అనేది కంప్యూటరు హార్డ్‌వేరును అదుపు చేసే మూల ప్రోగ్రాము కనక, ప్రతి కొత్త పరికరం కోసం దానిలోపల డ్రైవరు రాయడం మామూలు ప్రోగ్రామరుకు శక్తికి మించిన పని. జోహానెస్ ఎర్డ్‌ఫెల్ట్ మొదలుపెట్టిన లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ ఆ అడ్డంకిని తొలగించింది. కెర్నెల్‌ను ముట్టుకోకుండా, సాధారణ ప్రోగ్రామే యూఎస్‌బీ పరికరంతో నేరుగా మాట్లాడే వీలు దానివల్ల కలిగింది. డేనియల్ డ్రేక్ పూనికతో 2008లో దాని 1.0 కూర్పు వెలువడింది. ఈ వ్యాసంలో ప్రస్తావనకు వచ్చే సాధనాల్లో అనేకం ఈ లైబ్రరీ పునాది మీద లేచినవే.

ఒక సాధనాన్ని కొత్త మోడలుకు అమర్చడమంటే మూడు పనులు చేయడం. మొదటిది ఆ ఫోను సంఖ్యలను సాధనం పట్టికలో చేర్చడం. రెండోది ఆ ఫోను ఏ ఆదేశానికి ఎలా జవాబిస్తుందో, అంటే దాని ప్రోటోకాల్ ఏమిటో, తెలుసుకోవడం. మూడోది ప్రమాణానికి విరుద్ధంగా ఆ మోడలు చూపే వింత ప్రవర్తనలకు విరుగుడు రాయడం. మొదటి పని అయిదు నిమిషాల్లో తెమిలిపోతుంది, రెండోదానికి నెలలు పట్టవచ్చు, మూడోది ఎప్పటికీ పూర్తి కాదు.

బెంగళూరులో రెండు పాయలు

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరులో తన డిజైను కేంద్రాన్ని నెలకొల్పి, ఉపగ్రహ సంబంధం ద్వారా అమెరికాతో పని పంచుకోవడం మొదలుపెట్టింది. 1991లో మోటరోలా సాఫ్ట్‌వేరు కేంద్రం వచ్చింది. ఆ కాలంలోనే నగరానికి తరలివచ్చి, తరవాత సాస్కెన్‌గా పేరు మార్చుకున్న సంస్థ ఫోన్ల లోపల నడిచే కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేరులో ప్రత్యేకత సాధించింది. 1996లో శాంసంగ్ పరిశోధన కేంద్రం మొదలయింది. స్మార్ట్‌ఫోను అనే వస్తువు జనం చేతికి రాకముందే, దాని లోపలి సాఫ్ట్‌వేరును ఎరిగిన ఇంజనీర్ల తరం ఒకటి బెంగళూరులో తయారయింది. అయితే ఆ విజ్ఞానమంతా గోప్యతా ఒప్పందాల చాటున ఉండేది. ఒక చిప్పు యూఎస్‌బీ మీద ఏ ఆదేశాన్ని వింటుందో తెలిసిన ఇంజనీరుకు దాన్ని బయట చెప్పే స్వేచ్ఛ లేదు.

దీనికి సమాంతరంగా రెండో పాయ సాగింది. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీని పాఠకులకు పంచడం మొదలుపెట్టింది. ఆ ప్రయత్నానికి ఆద్యుడైన అతుల్ చిట్నిస్ బెంగళూరు నివాసి. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ నత్తనడక నడిచే ఆ రోజుల్లో పత్రికతో వచ్చిన సీడీయే వేలమందికి లినక్స్‌ను పరిచయం చేసింది. 2001లో లినక్స్ బెంగళూరు సదస్సు ప్రారంభమై, 2005 నుంచి ఫాస్.ఇన్ అనే పేరుతో 2012 దాకా కొనసాగింది. ప్రపంచ ప్రసిద్ధులైన కెర్నెల్ ప్రోగ్రామర్లు ఆ సదస్సుల్లో ప్రసంగించారు. వారి ఎదుట కూర్చున్న యువకుల్లో చాలామంది పగలు ఫోను కంపెనీల్లో పనిచేస్తూ, రాత్రి సొంత ఆసక్తితో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రాసేవారు. చిట్నిస్ 2013లో కన్నుమూశారు.

ఈ రెండు పాయలూ కలిసిన ప్రయత్నంగా సింప్యూటర్‌ను చెప్పుకోవాలి. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే తదితరులు రూపొందించిన ఈ చేతి కంప్యూటరు 2001లో వెలుగు చూసింది. లినక్స్ మీద నడిచే దానిలో స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసరు, స్మార్ట్‌కార్డు రీడరు, యూఎస్‌బీ సౌకర్యం ఉండేవి. హార్డ్‌వేరు డిజైనును సైతం ఇతరులు వాడుకునే వీలిచ్చే ప్రత్యేక లైసెన్సును దాని రూపకర్తలు రాశారు. 2004లో పికోపెటా సంస్థ, భారత్ ఎలక్ట్రానిక్స్ సహకారంతో అమిడా సింప్యూటర్ మార్కెట్లోకి వచ్చింది. వ్యాపారపరంగా అది నిలదొక్కుకోలేదు. అయినా, చేతిలో పట్టే పరికరం డిజైను ప్రజల ఆస్తిగా ఉండవచ్చునన్న భావన ఆండ్రాయిడ్ కంటే ముందే ఈ నగరంలో ఆచరణకు వచ్చింది.

కేబుళ్లు, డేటా కార్డుల కాలం

ఓపెన్ సోర్స్ ఫోను సాధనాల్లో తొలితరం నోకియా ఫోన్ల చుట్టూ అల్లుకుంది. 1990ల చివర మొదలైన గ్నోకీ, ఆ తరవాత దాని నుంచి ఎదిగిన గమ్ము అనే సాధనాలు ఫోన్‌బుక్కును, సందేశాలను కంప్యూటరులోకి దించడానికి ఉపయోగపడేవి. భారతదేశంలో నోకియా ఏలిన కాలంలో ఆ కంపెనీ అమ్మే సీఏ-42 కేబులు ధర భరించలేక, చాలామంది చవక నకళ్లు కొనేవారు. ఆ నకళ్ల లోపల యూఎస్‌బీ సంకేతాన్ని పాత సీరియల్ సంకేతంగా మార్చే చిప్పులు రకరకాలుగా ఉండేవి. బయటికి ఒకేలా కనిపించే రెండు కేబుళ్లు కంప్యూటరుకు వేర్వేరు సంఖ్యలు చెప్పేవి. అలాంటి ఒక చిప్పు కోసం ఆర్క్3116 అనే డ్రైవరు 2006లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఫోను ఒకటే అయినా కేబులును బట్టి సాధనాన్ని సర్దవలసి రావడం ఆ తరం ప్రత్యేకత.

2009 ప్రాంతంలో టాటా ఫోటాన్ ప్లస్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ ప్లస్, ఎంటీఎస్ ఎంబ్లేజ్ వంటి డేటా కార్డులు పట్టణ యువతరానికి ఇంటర్నెట్ తెచ్చిపెట్టాయి. పేయింగ్ గెస్ట్ గదుల్లో ఉంటూ తరచు ఇల్లు మారే బెంగళూరు ఉద్యోగులకు, వారిలో పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగువారికి, తీగ అక్కరలేని ఈ కార్డులు ఎంతో అనువుగా ఉండేవి. వీటిలో ఒక తిరకాసు ఉంది. తగిలించగానే ఆ కార్డు తాను మోడెమునని చెప్పుకోకుండా, విండోస్ డ్రైవర్లు దాచిన సీడీ డ్రైవునని చెప్పుకునేది. విండోస్‌లో డ్రైవరు ఎక్కిన తరవాత అది ఒక రహస్య ఆదేశం పంపితే, కార్డు తన వేషం మార్చుకుని మోడెముగా మళ్లీ ప్రత్యక్షమయ్యేది. లినక్స్ వాడేవారికి మాత్రం పనికిరాని సీడీ డ్రైవు ఒకటే మిగిలేది.

జర్మనీకి చెందిన యోసువా డీట్సె రాసిన యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే సాధనం ఈ చిక్కును విప్పింది. ప్రతి కార్డుకూ దాని మొదటి సంఖ్య, మారిన తరవాతి సంఖ్య, మార్పు కోసం పంపవలసిన సందేశం, ఈ మూడింటినీ ఒక చిన్న ఫైలులో రాసిపెట్టడం దాని పద్ధతి. ఆ సందేశాల్లో ఎక్కువ భాగం 55534243 అనే అంకెలతో మొదలవుతాయి; యూఎస్‌బీ నిల్వ పరికరాలకు పంపే ప్రతి ఆదేశానికీ ఉండవలసిన ముద్ర అది. ఆ వెంట 12345678 అనే అంకెలు తరచు కనిపిస్తాయి. ఆదేశానికి ఏదో ఒక వరస సంఖ్య ఉండాలి గనక తోచిన అంకెలు వేసినట్టు దాన్ని చూడగానే తెలుస్తుంది. మొత్తం 31 బైట్ల ఈ సందేశం కార్డుకూ కార్డుకూ కొద్దిగా మారుతుంది. విండోస్ కంప్యూటరులో యూఎస్‌బీ రాకపోకలను నమోదు చేసి, కార్డు వేషం మార్చడానికి ముందు వెళ్లిన సందేశం ఏదో పట్టుకోవడమే దాన్ని కనుక్కునే దారి. అలా పట్టుకున్న యజమానులు ఒక్కొక్కరే తమ కార్డు వివరాలు పంపగా వందల ఫైళ్లు పోగయ్యాయి. సాధనం మారకుండా పట్టిక మాత్రమే పెరిగే పద్ధతి ఇక్కడ పరిపక్వం చెందింది.

ఓపెన్‌మోకో ఇచ్చిన వారసత్వం

తైవాన్ కేంద్రంగా 2006లో ప్రకటితమైన ఓపెన్‌మోకో, సాఫ్ట్‌వేరంతా స్వేచ్ఛగా ఉండే ఫోనును తయారు చేయాలన్న సంకల్పం. దాని సాంకేతిక రూపకర్తల్లో ఒకరైన హరాల్డ్ వెల్టె బెంగళూరు ఫాస్.ఇన్ సదస్సుల్లో పలుమార్లు ప్రసంగించినవారు. నియో 1973 అనే ఆ ఫోనులోకి సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి ఆయన 2007లో డీఎఫ్‌యూ-యుటిల్ అనే సాధనం రాశారు. డీఎఫ్‌యూ అనేది పరికరాల సాఫ్ట్‌వేరును కేబులు ద్వారా మార్చడానికి యూఎస్‌బీ సంస్థే నిర్దేశించిన ప్రమాణం. ఒక కంపెనీ రహస్య భాషను అనుకరించే బదులు ఆ ప్రమాణాన్ని ఆధారం చేసుకోవడంతో డీఎఫ్‌యూ-యుటిల్ ఓపెన్‌మోకోను దాటి బతికింది. ఫోను ఉత్పత్తి కొద్ది ఏళ్లకే ఆగిపోయినా, సాధనం మాత్రం మైక్రోకంట్రోలర్ బోర్డులకు, ఇతర పరికరాలకు విస్తరించి, ఈనాటికీ ఇంజనీరింగు విద్యార్థుల ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. ఓపెన్‌మోకో తన తయారీదారు సంఖ్య 1డి50ని ఓపెన్ హార్డ్‌వేరు ప్రాజెక్టులకు పంచిపెట్టడం ఆ వారసత్వంలో మరో భాగం. సొంత సంఖ్య కొనే స్తోమత లేని చిన్న బృందాలకు అది పెద్ద ఆసరా అయింది.

ఆండ్రాయిడ్ రాకతో పెరిగిన పట్టిక

భారతదేశంలో ఆండ్రాయిడ్ ఫోన్ల అమ్మకం 2009లో హెచ్‌టీసీ మ్యాజిక్‌తో మొదలయింది. ఆండ్రాయిడ్‌తో పాటు గూగుల్ రెండు ఓపెన్ సోర్స్ సాధనాలు ఇచ్చింది. మొదటిది ఏడీబీ, ఫోను మామూలుగా నడుస్తుండగా దానికి ఆదేశాలు పంపి, ఫైళ్లు ఎక్కించి దించేది. రెండోది ఫాస్ట్‌బూట్, ఫోను పూర్తిగా మేలుకోకముందే, బూట్‌లోడర్ అనే తొలి ప్రోగ్రాముతో మాట్లాడి కొత్త సాఫ్ట్‌వేరు రాయించేది. తొలిరోజుల ఏడీబీలో తయారీదారుల సంఖ్యల పట్టిక ప్రోగ్రాములోనే రాసి ఉండేది. పట్టికలో లేని కంపెనీ ఫోను తగిలిస్తే ఏడీబీ దాన్ని పట్టించుకునేది కాదు. అందుకు ఉపాయంగా వినియోగదారు తన కంప్యూటరులో ఏడీబీ_యూఎస్‌బీ.ఐఎన్ఐ అనే ఫైలు తెరిచి, అందులో తన ఫోను తయారీదారు సంఖ్యను ఒక పంక్తిగా రాసుకునేవాడు. లినక్స్‌లో దీనికి తోడు 51-ఆండ్రాయిడ్.రూల్స్ అనే మరో ఫైలులో, ఫలానా సంఖ్య గల పరికరాన్ని మామూలు వినియోగదారు కూడా తెరవవచ్చునని అనుమతి రాయవలసి వచ్చేది. అప్పట్లో ఫోను యాప్‌లు రాయడం నేర్చుకున్న ప్రతి లినక్స్ వినియోగదారుకూ ఈ ఫైలు మొదటి పాఠం.

చవక ఫోన్ల రాకతో ఈ పట్టికకు కొత్త పరీక్ష ఎదురయింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా వంటి భారతీయ బ్రాండ్ల ఫోన్లలో చాలా వాటికి మీడియాటెక్ చిప్పులే ఆధారం కాబట్టి, వేర్వేరు పేర్లతో అమ్ముడైన ఫోన్లు అనేకం ఆ చిప్పు కంపెనీ సంఖ్యనే చెప్పుకునేవి. ఇందుకు విరుద్ధంగా ఒకే ఫోను స్థితిని బట్టి సంఖ్య మార్చే సందర్భాలూ ఉన్నాయి. క్వాల్‌కామ్ చిప్పున్న ఒక షావోమీ ఫోను మామూలుగా తన కంపెనీ సంఖ్య 2717 చెప్పి, ఫాస్ట్‌బూట్ స్థితిలో గూగుల్ సంఖ్యను, పూర్తిగా పడిపోయినప్పుడు తెరుచుకునే అత్యవసర స్థితిలో క్వాల్‌కామ్ సంఖ్య 05సి6ను, దానితో 9008 అనే ఉత్పత్తి సంఖ్యను చెబుతుంది. బెంగళూరు సంస్థ ఫ్లిప్‌కార్ట్ 2014 ఫిబ్రవరిలో మోటో జీని, జూలైలో షావోమీ ఎంఐ 3ని ఆన్‌లైన్‌లోనే అమ్మిన తరవాత కొత్త మోడళ్లు నెలనెలా వచ్చిపడే కాలం మొదలయింది. ఏ ఒక్క నిర్వాహకుడూ అన్ని ఫోన్లనూ కొని పరీక్షించలేడు కాబట్టి, సాధనాలు తమ వినియోగదారుల మీద మునుపెన్నడూ లేనంతగా ఆధారపడ్డాయి.

హైమ్‌డాల్: ఒక సాధనం లోపలి తీరు

ఈ పరిణామాన్ని దగ్గరగా చూడడానికి హైమ్‌డాల్ మంచి ఉదాహరణ. శాంసంగ్ ఫోన్లు ఫాస్ట్‌బూట్‌ను కాక, డౌన్‌లోడ్ మోడ్ అనే సొంత స్థితిని వాడతాయి. ఆ స్థితిలో ఫోనుతో మాట్లాడే ఓడిన్ అనే కంపెనీ సాధనం విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, దాని అసలు పాఠం బయటివారికి దొరకదు. 2010లో గెలాక్సీ ఎస్ విడుదలైన కొద్ది నెలలకే ఆస్ట్రేలియా ప్రోగ్రామరు బెంజమిన్ డోబెల్ ఆ సంభాషణను విడమరిచి, లిబ్‌యూఎస్‌బీ ఆధారంగా లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ నడిచే హైమ్‌డాల్‌ను రాశారు.

సంభాషణ ఆరంభం సరళంగా ఉంటుంది. కంప్యూటరు ఓడిన్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పంపుతుంది. ఫోను లోకే అనే నాలుగు అక్షరాలతో బదులిస్తే అవతల ఉన్నది శాంసంగ్ బూట్‌లోడరేనని రూఢి అవుతుంది. దీనికి ముందు హైమ్‌డాల్ తన పట్టికను చూసుకుంటుంది. తయారీదారు సంఖ్య 04ఇ8 అయి, ఉత్పత్తి సంఖ్య 6601 అయితే గెలాక్సీ ఎస్, 685డి అయితే గెలాక్సీ ఎస్2, 68సి3 అయితే డ్రాయిడ్ చార్జ్ అని ఆ పట్టికలోని పేర్లు. నిజానికి శాంసంగ్ ఆ తరవాత ఎన్నో మోడళ్లకు 685డి సంఖ్యనే కొనసాగించింది కాబట్టి, ఎస్2 పేరుతో రాసిన ఒక్క పంక్తి పదుల కొద్దీ ఫోన్లకు తలుపు తెరిచింది.

అసలు కష్టం తలుపు తెరిచాక మొదలయింది. ఫోను నిల్వస్థలం అనేక భాగాలుగా విభజించి ఉంటుంది: బూట్‌లోడరుకు ఒకటి, కెర్నెల్‌కు ఒకటి, ఆండ్రాయిడ్ వ్యవస్థకు ఒకటి. ఈ విభజన వివరాలు పీఐటీ అనే చిన్న పట్టికలో ఫోనులోనే ఉంటాయి. తొలి హైమ్‌డాల్ కూర్పుల్లో భాగాల పేర్లు గెలాక్సీ ఎస్‌ను చూసి ముందే నిర్ణయించినవి. కొత్త మోడలులో పేరు మారితే సాధనం తెల్లబోయేది. 1.4 కూర్పుతో ఈ పద్ధతి మారింది. సాధనం ముందుగా ఫోను నుంచి పీఐటీని చదివి, అందులో ఏ పేర్లు ఉంటే ఆ పేర్లనే ఆదేశంలో అంగీకరించడం మొదలుపెట్టింది. ఒక్కో విడతలో పంపే సమాచారం కొలత కూడా ఇలాగే స్థిరపడింది. మొదట 131072 బైట్ల చొప్పున పంపేది. కొత్త ఫోన్లు సంభాషణ ఆరంభంలోనే తమ సామర్థ్యాన్ని సూచించేవి గనక, అలాంటి వాటికి 1048576 బైట్ల చొప్పున పంపేలా మార్చారు. మోడలు పేరు అడగకుండా సామర్థ్యాన్ని అడగడమన్న ఈ చిన్న మార్పు ఒక్క దెబ్బకు రాబోయే మోడళ్ల పని కూడా చేసిపెట్టింది.

తెలుగు, కన్నడ అక్షరాల సమస్య

యూఎస్‌బీ సాధనాలకు తెలుగు పాఠకుల జీవితంతో నేరుగా సంబంధం ఉంది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండేది కాదు. తెలుగు వెబ్ పేజీ తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. కన్నడ పాఠకుల పరిస్థితీ ఇదే. ఒపేరా మినీ బ్రౌజరులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా తెప్పించుకునే ఒక సెట్టింగు అప్పట్లో అందరి నోటా వినిపించిన తరుణోపాయం. మరింత చొరవ ఉన్నవారు ఫోనును రూట్ చేసి, అంటే వ్యవస్థ ఫైళ్లను మార్చే అధికారం సంపాదించి, ఏడీబీతో పోతన 2000 గానీ లోహిత్ తెలుగు గానీ ఫోను ఫాంట్ల ఫోల్డరులోకి ఎక్కించేవారు. శాంసంగ్ ఫోన్లు గలవారికి ఆ రూట్ అధికారం కోసం ఓడిన్ గానీ హైమ్‌డాల్ గానీ అవసరమయ్యేది.

ఫాంటు ఎక్కినంత మాత్రాన పని పూర్తయ్యేది కాదు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు అక్షరంతో కలిసి రూపం మార్చుకుంటాయి గనక, ఆ కూర్పు నియమాలను అమలు చేసే ప్రోగ్రాము కూడా ఫోనులో ఉండాలి. అది లేని ఫోన్లలో ఒత్తులు విడిపోయి, పొల్లులు విడిగా నిలబడి, పాఠం చదవడానికి కష్టంగా ఉండేది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు, కన్నడం, మలయాళం మూడూ ఒకేసారి చోటు సంపాదించుకోవడంతో ఈ అవస్థ తీరింది. అయితే అప్పటికే కొన్న ఫోన్లకు కంపెనీలు కొత్త కూర్పు ఇవ్వని సందర్భాలు అనేకం. అలాంటి ఫోన్ల యజమానులు సొంతంగా ఆండ్రాయిడ్ కొత్త కూర్పులు ఎక్కించుకుని తమ భాషను చదవగలిగారంటే, ఆ ఎక్కించే సాధనం వారి మోడలుకు అప్పటికే ఎవరో అమర్చి పెట్టినందువల్లే.

పట్టిక నుంచి ప్రశ్నకు

పట్టికలు పెరిగే కొద్దీ వాటి పరిమితి బయటపడింది. ఏడీబీ విషయంలో పరిష్కారం మొదటి నుంచీ కళ్లెదుటే ఉంది. యూఎస్‌బీ వివరణలో తయారీదారు సంఖ్యతో పాటు పరికరం ఏ తరగతిదో తెలిపే మూడు సంఖ్యలు కూడా ఉంటాయి. ఏడీబీకి 255, 66, 1 అనీ, ఫాస్ట్‌బూట్‌కు 255, 66, 3 అనీ గూగుల్ నిర్ణయించింది. తరవాతి కూర్పుల్లో తయారీదారుల పట్టికను పక్కన పెట్టి, ఈ మూడు సంఖ్యలు సరిపోతే చాలునని నిర్ణయించడంతో ఎవరి ఫోనైనా పట్టికలో పేరు లేకుండానే పలకడం మొదలుపెట్టింది. ఫాస్ట్‌బూట్ ప్రోటోకాల్‌లో గెట్‌వార్ అనే ఆదేశం ఫోనును దాని పేరు, కూర్పు, భాగాల వివరాలు అడుగుతుంది. నాలుగక్షరాల ముద్రతో మొదలయ్యే దాని జవాబును మనిషి కూడా చదువుకోవచ్చు.

ఇలాంటి మార్పే కెర్నెల్ లోతుల్లోనూ జరిగింది, అందులో బెంగళూరు భాగస్వామ్యం ఉంది. యూఎస్‌బీ తీగలోని విద్యుత్ సంకేతాలను చిప్పుకు అర్థమయ్యే రూపంలోకి మార్చే భాగాన్ని ఫై అంటారు. ఒక్కొక్క చిప్పుకు ఒక్కొక్క రకం ఫై ఉండడంతో, దాన్ని నడిపే ప్రోగ్రాము కూడా చిప్పుకొక తీరుగా కెర్నెల్‌లో చెల్లాచెదురుగా ఉండేది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ భారతీయ కేంద్రానికి చెందిన ఇంజనీరు రాసిన ఉమ్మడి ఫై వ్యవస్థ 2014 జనవరిలో విడుదలైన లినక్స్ 3.13లో చేరింది. అప్పటి నుంచి రకరకాల చిప్పుల ఫై భాగాలను ఒకే పద్ధతిలో నడపడం సాధ్యమయింది. కంపెనీ గోడల మధ్య పుట్టిన విజ్ఞానం అందరికీ చెందిన కెర్నెల్‌లో శాశ్వతంగా చేరిన సందర్భమిది.

పట్టికలు అంతరించాయని మాత్రం చెప్పలేము. ఫోనులోని ఫొటోలు, పాటలు కంప్యూటరుకు చేర్చే ఎంటీపీ ప్రోటోకాల్ కోసం లినుస్ వాలై నిర్వహించిన లిబ్‌ఎంటీపీ లైబ్రరీలో ఇప్పటికీ పొడవైన పరికరాల పట్టిక ఉంది. ప్రతి పంక్తిలో పేరు, రెండు సంఖ్యలు ఉంటాయి, వాటి పక్కనే ఆ ఫోను ఏ ఆదేశాన్ని సరిగా పాటించదో తెలిపే గుర్తులు ఉంటాయి. ఫోను తెరను కంప్యూటరులో చూపించే స్క్రీన్‌కాపీ 2018లో రొమాన్ విమోన్ చేతుల మీదుగా వచ్చింది. అది ఏ మోడలు పట్టికా లేకుండా పనిచేస్తుంది, అయినా కొన్ని కంపెనీల ఫోన్ల వింతలకు విరుగుళ్లు చేర్చిన ఫైలు ఒకటి దానిలోనూ ఉంది. ప్రమాణాన్ని పాటించని ఫోను ఉన్నంత కాలం దానికోసం ఒక మినహాయింపు పంక్తి ఉండక తప్పదు.

తాళాలు, మరమ్మతు హక్కు

ఈ విస్తరణకు హద్దులు కూడా ఏర్పడ్డాయి. కేబులు తగిలించిన ఎవరికైనా ఫోను లొంగిపోవడం ప్రమాదకరం కాబట్టి, 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి ఏడీబీ తెర మీద యజమాని అనుమతి అడగడం మొదలుపెట్టింది. ఇది న్యాయమైన రక్షణ. బూట్‌లోడరుకు వేసే తాళం సంగతి వేరు. క్వాల్‌కామ్ అత్యవసర స్థితిలో మాట్లాడడానికి క్యూడీఎల్ వంటి ఓపెన్ సోర్స్ సాధనాలు ఉన్నాయి, సంభాషణ తీరూ తెలుసు. అయినా చాలా ఫోన్లు తమ కంపెనీ సంతకం ఉన్న సహాయక ప్రోగ్రాము అందితే తప్ప ముందుకు కదలవు. సంఖ్యను కనుక్కోవచ్చు, ప్రోటోకాల్‌ను విడమరచవచ్చు గాని, సంతకాన్ని సృష్టించడం ఎవరి తరమూ కాదు.

కంపెనీలు మార్కెట్ విడిచిపోయినప్పుడు ఈ తాళాల బరువు తెలుస్తుంది. 2012లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఫోన్ల చిప్పుల రంగం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ ఓమాప్ చిప్పుతో వచ్చిన గెలాక్సీ నెక్సస్‌కు 2013లో గూగుల్ ఆండ్రాయిడ్ 4.4 ఇవ్వలేదు. బూట్‌లోడరు తెరుచుకునే ఫోను కావడంవల్ల, ఫాస్ట్‌బూట్ చేతిలో ఉండడంవల్ల, వినియోగదారులే కొత్త కూర్పులు తయారు చేసి దాన్ని మరికొన్నేళ్లు వాడుకున్నారు. తాళం తెరుచుకోని ఫోన్లు అదే పరిస్థితిలో చెత్తబుట్టకు చేరాయి.

బెంగళూరు ఎస్.పి. రోడ్డు అంగళ్లలో, గాంధీనగర్ నేషనల్ మార్కెట్ పరిసరాల్లో, అలాగే హైదరాబాదు, విజయవాడ మరమ్మతు దుకాణాల్లో పనిచేసేవారికి ఇది రోజువారీ సమస్య. తెర మార్చడం చేతి పని. పడిపోయిన సాఫ్ట్‌వేరు నిలబెట్టడానికి మాత్రం సాధనం కావాలి. అధికారికమైనది దొరకనప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన, ఎవరు మార్చారో తెలియని నకలు ప్రోగ్రాముల మీద ఆధారపడవలసి వస్తుంది. అది దుకాణదారుకూ ఫోను యజమానికీ కూడా క్షేమం కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై సంఘం వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. మొబైల్ ఫోన్లు ఆ సంఘం పరిశీలించిన ప్రధాన రంగాల్లో ఒకటి. విడిభాగాలు, మాన్యువళ్లు ఇవ్వడంతో పాటు సాఫ్ట్‌వేరు సాధనాలు, వాటికి కావలసిన సంతకాలు ఇవ్వడం కూడా ఈ హక్కులో భాగం కావాలని ఈ చరిత్ర గట్టిగా చెబుతోంది.

ఓపెన్ సాధనాలను నిర్వహించేవారిలో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేస్తారు. బెంగళూరు సంస్థ జెరోధా 2024 అక్టోబరులో ఏటా 10 లక్షల డాలర్ల నిధిని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ప్రకటించడం ఈ లోటును గుర్తించిన చర్య. ఈ నగరంలో ఫోను సాఫ్ట్‌వేరుతో లాభపడిన సంస్థలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ తాను వాడే లిబ్‌యూఎస్‌బీ వంటి లైబ్రరీలకు ఇలాంటి సాయం అందించడం దానధర్మం కాదు, బాకీ తీర్చడం.

డబ్బు లేనివారు చేయగలిగిన సాయం కూడా ఉంది. ఒకరి ఫోనును ఏదైనా ఓపెన్ సాధనం గుర్తించకపోతే, లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఒక్క ఆదేశంతో దాని రెండు సంఖ్యలూ తెలుస్తాయి. మోడలు పేరు, ఆ సంఖ్యలు, ఏ స్థితిలో ఏం జరిగిందన్న రెండు మూడు వాక్యాలు ఆ సాధనం నిర్వాహకులకు పంపితే చాలు. అదే మోడలు కొనుక్కున్న మరెవరికీ ఆ ఇబ్బంది ఉండదు. ఇంజనీరింగు కళాశాలల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో తమ మొదటి పనిగా దీన్నే చేపట్టాలి. ఈ పట్టికలన్నీ ఇలాంటి వారు పంపిన పంక్తులతోనే తయారయ్యాయి.